ఆదివారానికో చెంచా రమ్ము

సెయింట్ జాన్స్,
1974 అక్టోబరు 19

ట్రిఫీ పిల్లకి,

క్షేమంగా చేరాను. స్టీమర్లో రెండు రోజులూ కడుపులో తిప్పుతూనే ఉంది. పక్క బల్ల మీదాయన తన పంది ఎలా చచ్చిపోయిందో మొదట్నించి చివరిదాకా చెప్పాడు, అదొక్కటే కాలక్షేపం. మా అక్క కూతురు విన్నీ రేవుకొచ్చి తన ఇంటికి తీసుకెళ్ళింది. తుంటి ఆపరేషను వచ్చే గురువారం. డాక్టరు మరీ కుర్రాడు. "కొత్త కీలు వేశాక నాట్యం చేస్తారమ్మా" అన్నాడు. "పాత కీలుతో చేసే అరగ్గొట్టుకున్నాను నాయనా" అన్నాను.

ఇక అసలు సంగతి. ఇది ఫోనులో చెప్పేది కాదు. మన ఊళ్ళో పదకొండు ఇళ్ళకి ఒకటే తీగ, నేను తుమ్మితే పది ఇళ్ళవాళ్ళు దీవిస్తారు. అందుకని ఉత్తరం.

బయల్దేరే ముందు పండ్ల కేకు చేసి పెట్టాను. వంటింటి వెనక సామాన్ల గదిలో, పై అరలో, నీలం డబ్బాలో ఉంది. ప్రతి ఆదివారం చర్చి అయ్యాక నువ్వెళ్ళి, గుడ్డ విప్పి, ఒక్క చెంచా రమ్ము పైన చల్లి, తిరగేసి, మళ్ళీ చుట్టి పెట్టాలి. సీసా పిండి డబ్బా వెనకుంది. ఒక్క చెంచానే. డిసెంబరు ఇరవైమూడుకి, మన క్రిస్మస్ సందడి మొదలయ్యే టిబ్స్ రోజుకి బాగా ఊరుతుంది. నలభై ఏళ్ళుగా ఆ రోజు సాయంత్రం నా వంటింటి బల్ల దగ్గరే కేకు కోసుకుంటున్నాం. ఈ ఏడూ కోసుకుందాం.

పద్నాలుగో ఏట మందు ముట్టనని చర్చిలో సంతకం పెట్టావు. నాకు గుర్తుంది, పక్కనే నిలబడ్డాను, నేను పెట్టలేదు. నిన్ను తాగమనట్లేదే, కేకుకి తాగించమంటున్నాను.

రెండో సంగతి డోర్కస్. ఆగస్టులో చర్చి తోట పండగలో, పాదిరిగారి భార్య ముందు, "ట్రిఫీ కేకుతో పడవకి లంగరేయొచ్చు" అని అంది. నిజమే, అనకూడదు. నువ్వు మాత్రం తక్కువ తిన్నావా? "ఆ కట్టుడు పళ్ళకి గంజి కూడా గట్టిదే" అన్నావు. చెల్లుకి చెల్లు. ఇప్పుడు అది కింద దారిన వస్తుంటే నువ్వు పై దారి ఎక్కుతున్నావట. అరవై ఎనిమిదేళ్ళొచ్చాయి ఇద్దరికీ! టిబ్స్ రోజు నా బల్ల చుట్టూ మూడు కుర్చీలుండాలి. రెండు కుర్చీల టీ నాకొద్దు.

కేకు సంగతి డోర్కస్‌కి చెప్పకు.

నీ
సెలీనా


పఫిన్ టికిల్,
అక్టోబరు 28

సెలీనా,

నీ తుంటి కోసం రోజూ ప్రార్థన చేస్తున్నాను. నా పరువు కోసం ఎవరు చేస్తారో తెలీదు.

నిన్న చర్చి అవగానే చుట్టూ తిరిగి నీ పెరటి వైపునుంచి వెళ్ళాను. గేటు దగ్గర పాదిరిగారి భార్య ఎదురైంది. "ఎక్కడికమ్మా ట్రిఫీ?" అంది. "సెలీనా కోళ్ళకి గింజలేద్దామని" అన్నాను. నీ కోళ్ళు పది రోజుల నుంచి మా ఇంట్లో ఉన్నాయని ఆమెకి తెలుసు. నవ్వి ఊరుకుంది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

లోపలికెళ్ళి బట్టలారేసే క్లిప్పు ఒకటి ముక్కుకి పెట్టుకున్నాను. చేతులకి ఊలు తొడుగులు వేసుకున్నాను. సీసా మూత తీసి, కళ్ళు మూసుకుని, చెంచాలోకి వంచాను. సగం చెంచాలో పడింది, సగం నా కుడి బూటులో పడింది. ఇప్పుడు నా బూటు నీ కేకు కన్నా బాగా ఊరింది. దారంతా పెల్లీ వాళ్ళ కుక్క నా కాలు వదల్లేదు.

వెనిల్లా వేస్తే సరిపోదా? మా ఇంట్లో నిండు సీసా ఉంది.

డోర్కస్ గురించి నాతో ఎత్తకు. ముందు లంగరు మాట వెనక్కి తీసుకోమను. పొద్దస్తమానం కిటికీలోంచి మా ఇంటి వైపే చూస్తూ కూర్చుంటుంది. నేను మా కిటికీలోంచి ఎప్పుడు చూసినా కనిపిస్తుంది.

నీ
ట్రిఫీ


సెయింట్ జాన్స్,
నవంబరు 9

ట్రిఫీ పిల్లకి,

ఆపరేషన్ అయింది. కీలు బాగానే కూర్చుంది. నన్ను కూర్చోబెట్టడానికే ఇద్దరు నర్సులు కావలసొచ్చింది. నీ బూటు కథ చదివి నవ్వితే కుట్లు లాగాయి. నర్సు ఉత్తరం లాక్కుని తనూ చదివింది. తర్వాత వార్డంతా చదివింది. ఇక్కడ నీకు మంచి పేరొచ్చింది.

వెనిల్లా వద్దు. దానికి వాసనొస్తుంది, కేకు ఊరదు. నా తల్లివి కదూ, ఆ క్లిప్పు తీసేసి రెండు కళ్ళూ తెరిచి పొయ్యి.

ఇప్పుడు విన్నీ ఇంట్లో ఉన్నాను. ఎనిమిది అంతస్తుల మేడ. మీట నొక్కితే లిఫ్టు వస్తుంది. గోడలోంచే వేడొస్తుంది, కట్టె పుల్ల ముట్టక్కర్లేదు. మంచు కిటికీ బయట పడుతుంది, నేను లోపల కూర్చుని చూస్తాను. మనుషులు మాత్రం మాటల్లో మహా పొదుపు. విన్నీ ఇక్కడికొచ్చి ఆరేళ్ళయింది, ఎదురింటావిడ పేరు దానికి తెలీదు. ఐదో అంతస్తులో మనలాంటి ముసలివాళ్ళకని గదులున్నాయి. విన్నీ నిన్న చూపించింది. శుభ్రంగా ఉన్నాయి.

నీ
సెలీనా


పఫిన్ టికిల్,
నవంబరు 18

సెలీనా,

నీ ఇంట్లో ఏదో జరుగుతోంది.

ఆదివారానికి ఒక్క చెంచా పోస్తున్నాను, లెక్కగా. అయినా సీసా దానంతటది దిగిపోతోంది. మూడో తారీఖున సీసా కాగితం మీద పెన్సిలుతో గీత పెట్టాను. పదో తారీఖుకి గీతకి రెండు వేళ్ళు కిందకి దిగింది. నిన్నటికి నాలుగు వేళ్ళు! చలికి రమ్ము ముడుచుకుంటుందా? నాకు తెలిసే విషయం కాదు. మీ ఆయన ఆబ్నర్ పోయి తొమ్మిదేళ్ళయింది, లేకపోతే ఆయన్నే అనేదాన్ని.

నువ్వొచ్చి చూస్తే ఏమనుకుంటావు? తాళం చెవి నా దగ్గరుంది, సీసా ఖాళీ అవుతోంది. యాభై నాలుగేళ్ళ నా సంతకం నాలుగు వేళ్ళలో కొట్టుకుపోతుంది. ఏదో ఒకటి చేసి సర్దాను. అదేంటో అడక్కు.

కేకు కూడా మారిపోయింది. మొదట్లో డబ్బాలో మర్యాదగా కూర్చునేది. ఇప్పుడు తిరగేస్తుంటే నిట్టూరుస్తోంది. నిజం, చెవులారా విన్నాను.

బుధవారం సాయంత్రం నీ పెరట్లో మంచు మీద బూట్ల గుర్తులు కనిపించాయి. పెద్ద బూట్లు. ఎవరో నాకు తెలుసనుకుంటాను. పేరు రాయను, క్రైస్తవురాలిని. పేరు మొదటి అక్షరం డో.

లిఫ్టు గురించి ఉత్తరంలో సగం పేజీ రాశావు. ఎప్పుడొస్తావో ఒక్క ముక్క రాయలేదు.

నీ
ట్రిఫీ


సెయింట్ జాన్స్,
నవంబరు 26

ప్రియమైన ట్రిఫీకి,

సీసా గురించి మనసు పాడుచేసుకోకు. పాత సీసా, మూత వదులు. గుర్తుల గురించీ ఆలోచించకు. ఎవరో దారి తప్పి వచ్చుంటారు.

కర్రతో నడుస్తున్నాను. వారానికి రెండుసార్లు ఒకమ్మాయి వచ్చి కాలు ఎత్తిస్తుంది, దింపిస్తుంది. ఇక్కడ రోజులు తెలీకుండా గడిచిపోతాయి. టీవీలో సాయంత్రాలు ఒక కథ వస్తుంది. అందులో అందరూ అందరికీ అబద్ధాలే చెప్తారు.

ఒక మాట అడగాలని. నా అల్మరాలో నీలం పువ్వుల కప్పులున్నాయి చూడు, మా అత్తగారివి. అవి నీకిస్తే పెట్టుకుంటావా? ఊరికే అడుగుతున్నాను. నీకెప్పుడూ ఇష్టం కదా అని.

నీ
సెలీనా


పఫిన్ టికిల్,
డిసెంబరు 6

శ్రీమతి సెలీనా నోజ్‌వర్తీ గారికి,

మీ ఉత్తరం అందింది. మీ నీలం పువ్వుల కప్పులు మీరే ఉంచుకోండి. మాకు కప్పులున్నాయి.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. కోళ్ళ గురించి అడగలేదు. పొయ్యి గొట్టంలో మసి దులిపించానా అని అడగలేదు. మా చిన్నక్క టొరంటో వెళ్ళిపోయే ముందు కూడా ఇలాగే ఊరికే అడిగి కప్పులు పంచింది. తిరిగొచ్చేవాళ్ళు కప్పులు పంచరని నాకు తెలీదనుకున్నారా? ఆ ఐదో అంతస్తు గది మీరు ఊరికే చూడలేదు.

ఇక నీకు మర్యాదగా రాయడం నా వల్ల కాదు. ఒసే సెలీనా, నాకు చచ్చేంత భయమేసింది. ఆ భయంలోనే బుధవారం నేనొక పని చేశాను. మొత్తం విను.

రెండింటికే వెళ్ళి నీ సామాన్ల గదిలో బంగాళాదుంపల బస్తా మీద కూర్చున్నాను. చేతిలో అప్పడాల కర్ర. నువ్వు రాకపోతే పోయావు, నీ కేకునైనా దొంగ బారిన పడనివ్వననుకున్నాను. గంటన్నర కూర్చున్నాను. కాళ్ళు కొయ్యబారాయి. అప్పుడు తలుపు తీసుకుని డోర్కస్ వచ్చింది. మొగుడి బూట్లు వేసుకుంది. సరాసరి నీలం డబ్బా దించింది. గుడ్డ విప్పింది. కోటు జేబులోంచి పలకలాంటి సీసా ఒకటి తీసి, మొక్కలకి నీళ్ళు పెట్టినట్టు నీ కేకు మీద వంచింది!

"దొంగ!" అని అరిచాను. తనూ "దొంగ!" అనే అరిచింది. కర్ర చూసి, చేతిలో డబ్బా అడ్డం పెట్టుకుంది. అంతే, కేకు జారి బల్ల మీద పడింది. పడినా చప్పుడవ్వలేదు. అప్పుడే నాకు అనుమానమొచ్చింది.

"సెలీనా నన్ను పొయ్యమంది" అన్నాను.

"నన్నూ సెలీనానే పొయ్యమంది" అని కోటులోంచి ఉత్తరం తీసింది.

నీ చేతి రాతే సెలీనా! "ట్రిఫీ ఆ సీసా ముట్టదు, వాసనకే మూర్ఛపోతుంది, ఏ వెనిల్లానో పోసి నన్ను మభ్యపెడుతుంది. పెరటి మెట్టు కింద రెండో తాళం చెవి ఉంది, నువ్వు బుధవారాలు వెళ్ళి ఒక చెంచా పొయ్యి, దానికి చెప్పకు." ఇదా నా మీద నీ నమ్మకం? వెనిల్లా సంగతి నేను రాయకముందే ఎలా రాశావు? అంత తెలుసా నేనంటే?

సరే, ఇప్పుడు నా తప్పు చెప్తాను. సీసా దిగిపోతుంటే నేనే తాగానంటావని, గీత దాకా చల్లారిన టీ డికాక్షన్ పోసేదాన్ని. రెండూ ఒకటే రంగు. డోర్కస్ ఒక బుధవారం సీసా రుచి చూసిందట. ఇది రమ్మేంటి, సెలీనాని ఎవడో మోసం చేసి అంటగట్టాడని జాలిపడి, వాళ్ళాయన దాచుకున్న సీసా పట్టుకొచ్చింది. అది సెయింట్ పియర్ దీవి నుంచి దొంగచాటుగా పడవలో వచ్చిన ఘాటు సరుకు. ఒక చెంచా కాదు, అరకప్పు. మూడు వారాలు. తాగి తాగి నీ కేకు కూలబడిపోయింది.

బల్ల మీద ముద్దలా పడి ఉంది. కోసే పని లేదు. పారేయడానికి ప్రాణమొప్పలేదు. రెండు చెంచాలు తీశాను. ఇద్దరం చెరో వైపునుంచి తవ్వుకుని తిన్నాం. ఐదో చెంచాకి డోర్కస్ కేకు వంక చూసి, "ఇది మాత్రం లంగరుకి పనికిరాదే ట్రిఫీ, తేలిపోతుంది" అంది. నవ్వకూడదనుకున్నాను. నవ్వు ఆగలేదు. తనకి పళ్ళు ఊడొచ్చేంత నవ్వొచ్చింది, నిజంగానే ఊడొచ్చాయి. ఆరింటిదాకా కూర్చున్నాం. ఆగస్టు నుంచి దాచుకున్న ఊసులన్నీ చెప్పుకున్నాం. ఇంటికొస్తుంటే దారి కొంచెం ఒక పక్కకి ఒరిగింది. గాలనుకుంటాను. నేను సంతకం పెట్టిన కాగితంలో తాగనని ఉంది, తిననని లేదు. డోర్కస్ కూడా అదే అంది.

మర్నాడు తల పగిలిపోతుంటే నీ పొయ్యి రాజేసి మళ్ళీ కేకు చేశాం. నా ఎండు ద్రాక్ష, తన చెర్రీలు, నారింజ తొక్కలు, నల్లబెల్లం పాకం. పిండి ఎవరు కలపాలన్న దగ్గర ఒక గొడవ, దాల్చినచెక్క దగ్గర ఒక గొడవ. కేకు పొయ్యిలో పెట్టాక నాలుగు గంటలు సన్న సెగ మీద ఉండాలి కదా. తలుపు దభాల్న వెయ్యకూడదు, అడుగు గట్టిగా వెయ్యకూడదు, పావుగంటకో పుల్ల వెయ్యాలి. ఎవరూ లేచి వెళ్ళిపోయే వీల్లేదు.

మూడో గంటలో డోర్కస్ అంది: "సెలీనా రాకపోతే మనిద్దరికీ పోట్లాడుకునే దారి కూడా ఉండదే. నా మాట నీకూ, నీ మాట నాకూ మోసుకొచ్చింది అదే కదా." నాకు ఏడుపొచ్చింది. ఉల్లిపాయల వల్లన్నాను. పండ్ల కేకులో ఉల్లిపాయలేంటే అంది. ఏడ్చాను, సెలీనా. దాచడమెందుకు?

చీపురు పుల్ల గుచ్చి చూశాం. పొడిగా వచ్చింది. పదిహేడు రోజుల్లో ఎంత ఊరుతుందో అంత ఊరుతుంది. ఇప్పుడు ఆదివారం ఇద్దరం కలిసే వెళ్తాం. చెంచా నేను పట్టుకుంటాను, సీసా తను వంచుతుంది. క్లిప్పు నా ముక్కుకే ఉంటుంది.

ఇది డోర్కస్ రాస్తున్నది. అబద్ధం, క్లిప్పు నిన్నే తీసేసింది. సెలీనా, మా ఆయన నీ గుమ్మం ముందు మెట్లు పీకేసి ఏటవాలుగా చెక్క వేస్తానన్నాడు. కట్టెలు మేం మోస్తాం. నువ్వు రా.

మళ్ళీ నేను. మొదటి కేకులో పిడికెడు మిగిలింది, దీంతో పంపుతున్నాను. జాగ్రత్తగా విప్పు, పక్కన నిప్పు ఉంచకు.

నువ్వు రాకపోతే ఆ కప్పులు సముద్రంలో పారేస్తాను. ఇది ఊరికే అనట్లేదు.

నీ
ట్రిఫీ


సెయింట్ జాన్స్,
డిసెంబరు 13

ట్రిఫీకి, డోర్కస్‌కి,

పొట్లం తెచ్చిన పోస్టుమాను దాన్ని నా చేతికిచ్చే ముందు రెండుసార్లు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "మందులా అమ్మా?" అన్నాడు. అవునన్నాను.

మీ ఇద్దరికీ చెరో అబద్ధం రాసి పంపించాను. చివాట్లు పెట్టండి, పడతాను. ట్రిఫీ, నిన్ను నమ్మకపోవడం కాదు. నువ్వు మాట తప్పని మనిషివి. సంతకం వైపు ఉంటావో నా వైపు ఉంటావో తేల్చుకోలేకపోయాను. రెండు వైపులా ఉన్నావు, ముక్కుకి క్లిప్పు పెట్టుకుని మరీ.

ఇంకో నిజం కూడా చెప్పేస్తాను. ఐదో అంతస్తు గదికి కాగితాలు నింపి సంతకం పెట్టేశాను. సోమవారం ఇచ్చిరావాలని సంచిలో పెట్టుకున్నాను. నాకు భయమేసింది, పిల్లలూ. కీలు కొత్తదైతే మాత్రం, మంచు పాతదే. నేను పెరట్లో జారిపడితే ట్రిఫీ పై దారిన పోతూ ఉంటుంది, డోర్కస్ కింద దారిన పోతూ ఉంటుంది. డోర్కస్ దగ్గరుందిలే అని ట్రిఫీ, ట్రిఫీ చూసుకుంటుందిలే అని డోర్కస్. మాటల్లేని ఇద్దరి మధ్యన పడితే నన్ను లేపేదెవరని రోజూ అనుకునేదాన్ని. కాళ్ళ వల్ల కాదు నేను రాకూడదనుకున్నది. మీ వల్ల.

పొట్లం విప్పితే ఇల్లంతా గుప్పుమంది. విన్నీ, నేను చెరో చెంచా తిన్నాం. రెండో చెంచా కోసం నేను కర్ర లేకుండా లేచి వంటింటిదాకా నడిచాను. విన్నీ నోరు తెరిచి చూస్తుంటే అప్పుడు తెలిసింది నాకు. ఇంతలో ఎదురింటి తలుపు తెరుచుకుంది. ఆవిడ గుమ్మంలో నిలబడి, "ఈ వాసన ఎక్కణ్ణించండీ? మా అమ్మ టిబ్స్ రోజుకి చేసేది" అంది. ఆవిడా మనలా సముద్రతీరం మనిషేనట, ఫార్చూన్ బే నుంచి. పేరు ఐడా. ఆరేళ్ళకి విన్నీకి పేరు తెలిసింది. సాయంత్రం దాకా కూర్చుంది, ట్రిఫీ బూటు కథ రెండుసార్లు చెప్పించుకుంది. వెళ్తుంటే మిగిలిన కాస్తా ఆవిడకివ్వాలి, చుట్టడానికి చేతికి కాగితం దొరకలేదు. సంచిలో ఉన్న ఆ గది కాగితాలే తీసి చుట్టి ఇచ్చాను. గట్టి కాగితం, బాగా పనికొచ్చింది.

ఇరవయ్యో తేదీ శుక్రవారం స్టీమరులో దిగుతున్నాను. ట్రిఫీ, గొట్టంలో మసి దులిపించావా? నా కోళ్ళు గుడ్లు పెడుతున్నాయా?

రేవుకి ఇద్దరూ రండి. పై దారిన వస్తారో కింద దారిన వస్తారో మీ ఇష్టం, కలిసి రండి. ఇంటిదాకా నాకు రెండు చేతులు కావాలి.

నీలం పువ్వుల కప్పులు దించి కడిగి పెట్టండి. మూడు.

మీ
సెలీనా